కథ మనల్ని ఎవరి పక్కన నిలబెడుతుంది?



ఒకప్పుడు తెర మీద దుర్మార్గుడు ప్రవేశిస్తే పిల్లలు తల్లి కొంగు చాటున దాక్కునేవారు. ఇప్పుడు అదే దుర్మార్గుడు వస్తే హాలంతా నవ్వుతోంది. అతని కోటు అందంగా ఉంటుంది. మాట పదునుగా ఉంటుంది. తుపాకీ పేల్చే ముందు ఒక ఛలోక్తి విసురుతాడు. ఈ తరహా చిత్రాలకు పేరుపొందిన దేశం బ్రిటన్. గై రిచీ అనే దర్శకుడు 1998లో 'లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్', 2000లో 'స్నాచ్' తీశాడు. మొదటి దానిలో ఒక లండన్ యువకుడు పేకాటలో ఓడిపోయి, అయిదు లక్షల పౌండ్ల అప్పును వారం రోజుల్లో తీర్చవలసిన స్థితిలో పడతాడు. రెండవ దానిలో దొంగిలించిన వజ్రమొకటి దొంగల మధ్య చేతులు మారుతూ పోతుంది. మనుషులు ప్రాణాలు కోల్పోతూనే ఉంటారు, ప్రేక్షకులు నవ్వుతూనే ఉంటారు.

ధార్మిక పత్రికలో ఈ ప్రస్తావన ఎందుకని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. ఈ చిత్రాలు నేడు మన యువకుల చేతిలోని ఫోన్‌లోనే ఉన్నాయి. ఇంట్లో ఏ కథలు తిరుగుతున్నాయో తెలుసుకోకుండా సంతానాన్ని కాపాడుకోవడం సాధ్యం కాదు. వాటి ఆకర్షణను తక్కువగా అంచనా వేయడమూ తగదు. చదువు పూర్తయినా, ఉక్కు కర్మాగారంలోనో రేవులోనో కాంట్రాక్టు పని కోసం నెలల తరబడి ఎదురుచూసే విశాఖ యువకుడికి, ఎవరికీ తలవంచని మనిషి కథ ఎందుకు నచ్చదు? తెర మీది ముఠాలో ప్రాణమిచ్చే స్నేహం ఉంది. ఒక్క రాత్రిలో మారిపోయే అదృష్టం ఉంది. అన్నిటినీ మించి, భయాన్ని చిన్నదిగా చేసి చూపే హాస్యం ఉంది.

తెలుగువారికి ఈ దారి కొత్తది కాదు. 1993లో వచ్చిన 'మనీ' చిత్రంలో బ్రహ్మానందం గారు పోషించిన ఖాన్ దాదాను చూసి మన ఇళ్లలోని వారు కూడా నవ్వారు. దాదా అనగానే ఖాన్ అనే పేరే ఎందుకు తట్టాలన్నది వేరే ప్రశ్న. 2013లో సుధీర్ వర్మ దర్శకత్వంలో వచ్చిన 'స్వామి రారా'లో దొంగిలించబడిన విగ్రహం చేతులు మారుతూ నవ్వులు పూయించింది. అదే దర్శకుడు 2019లో 'రణరంగం' తీశాడు. ఈ కథా స్థలం మన విశాఖపట్నమే. కాలం 1990ల నాటి మద్యనిషేధ కాలం. నిషేధాన్ని అవకాశంగా చేసుకుని, మద్యాన్ని దొంగచాటుగా తరలించి, మిత్రులతో కలిసి ఎదిగిన యువకుడే అందులో కథానాయకుడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. ఆ నిషేధం ఎలా వచ్చింది? నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న పేద స్త్రీలు తమ వాచకంలో ఒక పాఠం చదివారు. తాగుడు వల్ల చితికిపోయిన సంసారాల గురించి, స్త్రీలు ఏకమై సారా కొట్టు మూయించిన వైనం గురించి చెప్పే కథ అది. వర్ధినేని రోశమ్మ వంటి తల్లులు పుస్తకం మూసి వీధిలోకి వచ్చారు, తమ ఊరి కొట్టు మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలులోకి తెచ్చింది. 1997లో అది సడలిపోయింది.

నిషేధం విఫలమవడానికి కారణాలు అనేకం ఉండవచ్చు, దొంగ రవాణా వాటిలో ప్రధానమైనది. అయితే ఆ చరిత్రలో రెండు కథలున్నాయి. ఒకటి కూలి డబ్బులు సారా కొట్టుకు పోకుండా అడ్డు నిలిచిన స్త్రీలది. రెండవది వారు గెలుచుకున్నదాన్ని రాత్రికి రాత్రి లారీలలో ఓడించినవాడిది. సినిమా రెండవవాడిని నాయకుణ్ణి చేసింది. అతడి ధైర్యాన్ని, అతడి ప్రేమను, అతడి ఆవేదనను చూపింది. అతడు చేరవేసిన సీసా ఏ ఇంటికి చేరిందో, ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు దెబ్బలు తిన్నారో ఆ కథకు అవసరం లేకపోయింది.

“సినిమాయే కదా, చూసి మరచిపోతాం” అని యువకులు అంటారు. దూబగుంట చరిత్ర దీనికి సమాధానం చెబుతుంది. వాచకంలోని ఒక చిన్న కథ ఒక రాష్ట్ర శాసనాన్నే మార్చగలిగినప్పుడు, వందల గంటలపాటు కన్నులార్పకుండా చూసే కథలు మనసులో ఏమీ మిగల్చవని ఎలా అనగలం? కథకు శక్తి ఉంది. అది మనల్ని ఎవరి పక్కన నిలబెడుతుందో గమనించడమే వివేకం.

దివ్య ఖుర్ఆన్ మద్యాన్ని, జూదాన్ని ఒకే చోట పేర్కొని, రెండింటినీ షైతాను చేష్టలని, వాటి ద్వారా వాడు మనుషుల మధ్య వైరాన్ని, ద్వేషాన్ని రగిలిస్తాడని హెచ్చరించింది (5:90, 91). దైవప్రవక్త (సఅసం) మద్యం విషయంలో తాగేవాడితో ఆగలేదు. దాన్ని పిండేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, పోసేవాడు, దాని సొమ్ము తినేవాడు మొదలుకొని మోసుకుపోయేవాడి వరకు పదిమందిని శాపగ్రస్తులుగా పేర్కొన్నారు. మోసేవాడు ఒక్క చుక్క కూడా తాగి ఉండకపోవచ్చు. అయినా అతని భుజం మీది బరువు ఏ ఇంటిని కూలుస్తుందో షరీఅత్ లెక్కలోకి తీసుకుంది. తెర చూపించని ఇంటిని ధర్మం చూపించింది.

హాస్యాన్ని ఇస్లాం నిరాకరించలేదు. ప్రవక్త (సఅసం) సహచరులతో సరదాగా మాట్లాడేవారు, ఆ సరదాలోనూ సత్యమే పలికేవారు. అయితే ఒక ప్రయాణంలో నిద్రపోతున్న సహచరుడి తాడును ఇంకొకరు తమాషాకు తీసుకోగా, అతడు మేల్కొని ఉలిక్కిపడ్డాడు. విశ్వాసిని భయపెట్టడం ధర్మసమ్మతం కాదని ప్రవక్త (సఅసం) అప్పుడు స్పష్టం చేశారు. ఒక తాడు, ఒక క్షణం భయం. అంతపాటి దానికే ఇంత పట్టింపు ఉంటే, మనిషి ప్రాణభయమే నవ్వులాట అయిన చోట మన హృదయం ఏమవుతుందో ఆలోచించాలి.

బ్రిటన్ ముఠాల అసలు చరిత్రలో నవ్వు లేదు. లండన్‌లో క్రే సోదరులు అనే కవలలు ఉండేవారు. చక్కని సూట్లు ధరించి, నైట్‌క్లబ్బులు నడిపి, పేరుమోసిన వారితో ఫొటోలు దిగేవారు. 1966 మార్చిలో వారిలో ఒకడైన రోనీ, వైట్‌చాపెల్ రోడ్డులోని మద్యశాలలో ఒక ప్రత్యర్థిని కాల్చి చంపాడు. అక్కడ పనిచేసే స్త్రీ కళ్లారా చూసింది, భయంతో మొదట అతడిని గుర్తించలేదు. ఆ తర్వాత ధైర్యం చేసి చెప్పిన సాక్ష్యం 1969లో వారికి జీవిత ఖైదు పడడానికి తోడ్పడింది. 2015లో వారి మీద 'లెజెండ్' అనే సినిమా వచ్చింది. హంతకులు ఇతిహాస పురుషులయ్యారు, భయాన్ని జయించి నిజం పలికిన స్త్రీ పేరు ఎందరికి తెలుసు?

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోనక్కరలేదు. మన్యం నుండి గంజాయి తరలించే ముఠాలు మూటలు మోయించడానికి పేద యువకులనే వెతుక్కుంటాయి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. మూటలు మోసిన పిల్లల భవిష్యత్తు అంతకుముందే బూడిదైపోయింది. 20 కిలోలకు మించి పట్టుబడితే చట్టం ప్రకారం కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ల కఠిన కారాగారం. బెయిలు దొరకడం కూడా కష్టమే. సినిమాలో మూట మోసినవాడు రాజవుతాడు. ఇక్కడ మోసినవాడి తల్లి ములాఖాత్ కోసం జైలు గేటు ముందు టిఫిన్ డబ్బాతో నిలబడుతుంది. మోయించినవాడు మరో కుర్రవాణ్ణి వెతుక్కుంటాడు.

మరి నేరం గురించిన కథలు చెప్పకూడదా? ఖుర్ఆన్ స్వయంగా చెప్పింది. గాథలలో శ్రేష్ఠమైనదిగా అది పేర్కొన్న హజ్రత్ యూసుఫ్ (అలైహి) గాథలో అసూయ, కుట్ర, అబద్ధపు నెత్తురు పూసిన చొక్కా అన్నీ ఉన్నాయి. కానీ మన చూపు ఆ అన్నల తెలివి మీద నిలవదు. బావిలోని బాలుడి మీద, ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయిన తండ్రి మీద నిలుస్తుంది. చివరికి అన్నలకు క్షమాపణ దొరుకుతుంది, తప్పు ఒప్పుకున్న తరువాతనే.

ఖురాసాన్ దారులలో బిడారులను దోచిన ఫుజైల్ బిన్ అయాజ్ (రహ్మతుల్లాహి అలైహి) వృత్తాంతం ఇంకా దగ్గరిది. ఒక రాత్రి ఆయన ప్రియురాలి కోసం గోడ ఎక్కుతుండగా, విశ్వాసుల హృదయాలు అల్లాహ్ స్మరణకు మెత్తబడే సమయం ఇంకా రాలేదా అని ప్రశ్నించే ఆయతు చెవిన పడింది. “వచ్చింది ప్రభూ” అంటూ వెనుదిరిగి ఒక పాడుబడిన చోట తలదాచుకున్నారు. అక్కడ బాటసారులు ఫుజైల్ దారి కాచి ఉంటాడని, తెల్లవారేదాకా కదలవద్దని గుసగుసలాడుకుంటున్నారు. తన పేరు చెబితే మనుషులు ఎలా వణుకుతారో ఆయన ఆ రాత్రి విన్నారు. పశ్చాత్తాపపడి, విద్యలోనూ ఆరాధనలోనూ జీవించి, హిజ్రీ 187లో మక్కాలో కన్నుమూశారు. దొంగ తన కథను బాధితుల నోట వినడం, మన ముఠా చిత్రాలు సాధారణంగా చూపని సన్నివేశం ఇదే.

కనుక తల్లిదండ్రులకు ఒక మనవి. ఫోన్ లాక్కోవడంతో బాధ్యత తీరదు. కాలాన్ని మంచి పనులతో నింపండి, హరామ్ దృశ్యాల నుండి చూపును కాపాడుకోవడం మీరే ముందుగా ఆచరించి చూపండి. పిల్లవాడు ఏదైనా సినిమా చూశానని చెబితే వెంటనే కసరకండి. భోజనాల దగ్గర నెమ్మదిగా అడగండి: “ఆ డబ్బు ఎవరిది, బాబూ? చనిపోయినవాడికి పిల్లలున్నారా? వాళ్ల అమ్మను ఒక్కసారైనా చూపించారా?” జవాబు వాడినే వెతుక్కోనివ్వండి. ఆ వెతుకులాట వాడి అంతరాత్మను మేల్కొలుపుతుంది, ఇన్షా అల్లాహ్.

మన సంతానాన్ని పీడితుల పక్కన నిలబడేవారిగా అల్లాహ్ తీర్చిదిద్దుగాక! ఆమీన్.