రాగి వేరు లోపలి కాపలా

బెంగళూరులో భవనాల పనికి వచ్చిన మన అనంతపురం, చిత్తూరు కూలీల మధ్యాహ్నపు సద్దిలో రాగి సంగటి ఉంటుంది. ఇక్కడి కన్నడ సోదరులు దాన్నే ముద్దె అంటారు. పేదవాడి తిండి అని చాలాకాలం చిన్నచూపు చూసిన ఆ రాగి వేరు లోపల కాపురముండే బాక్టీరియా గురించి ఈసారి మాట్లాడుకుందాం.

వేరుశనగ మొక్కను పీకితే బుడిపెలు కనిపిస్తాయి. వాటిలోని రైజోబియం గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తుంది. ఇది మన రైతులకు తెలిసిన సంగతే. బుడిపెలు లేకుండా, ఏ జబ్బూ చేయకుండా, మొక్క లోపలే బతికే బాక్టీరియా కూడా ఉన్నాయి. 1988లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు చెరకు లోపల నత్రజనిని పట్టే అలాంటి బాక్టీరియాను వెల్లడి చేశారు. 2016లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వారు రాగి వేర్లలోని ఎం6 అనే బాక్టీరియా గురించి ప్రకటించారు. ధాన్యంలో విషం నింపే ఫ్యుజేరియం బూజు దాడికి వస్తే, ఇది వేరు బయటికి చేరి, వేరు నూగుతో కలిసి దట్టమైన గోడ కడుతుంది. బూజును అందులో చిక్కించి చంపుతుంది. ఆఫ్రికాలో పేద రైతులు తరతరాలుగా కాపాడుకున్న పంటలోని కాపలా ఇది. మన రాగికీ ఆ ఖండంతో చుట్టరికముంది. కర్ణాటకలో లక్ష్మణయ్య గారు భారత, ఆఫ్రికా రకాలను కలిపి తీసినవే ఇండాఫ్ రాగులు.

మేలుచేసే సూక్ష్మజీవులు ఇప్పుడు ప్యాకెట్లలో కూడా దొరుకుతున్నాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ అర్క మైక్రోబియల్ కన్సార్షియం తయారుచేసింది. సంతోషమే. మా బెంగ వేరే ఉంది. జీవన ఎరువు పొడి గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. రేకుల కొట్టులో ఏప్రిల్ ఎండకు ఉడికిన ప్యాకెట్‌లో ఎన్ని మిగులుతాయి? చచ్చిన పొడికీ బతికిన పొడికీ రంగులో తేడా ఉండదు. రైతు దగ్గర సూక్ష్మదర్శిని లేదు. పంట దెబ్బతింటే నేరం వానదని సరిపెట్టుకుంటాడు.

కౌలు రైతు పరిస్థితి ఇంకా అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలు కార్డుకు భూయజమాని సంతకం అడిగింది. సంతకానికి ఒప్పుకునే ఆసాములు ఎందరో మన ఊళ్లలో అందరికీ తెలుసు. పొలం దున్నేది మన దళిత కుటుంబాలే, కాగితంలో మాత్రం కనబడవు. ఇక నకిలీ సరుకు మీద ఫిర్యాదు ఎవరి పేరున ఇస్తాం?

ఇంకో మాట. 2002 జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులను కూడా జీవవనరులుగానే లెక్కించింది. వాటి వాడకంలో వచ్చే లాభంలో న్యాయమైన వాటా ఉండాలంది. ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య కమిటీ ఉండాలంది. మన పంచాయతీలో ఆ కమిటీ ఉందా, అందులో రాగి పండించే స్త్రీలు ఉన్నారా అని పాఠకులు వచ్చే గ్రామసభలోనే అడగాలి. జీవన ఎరువు కొన్న ప్రతిసారీ తయారీ తేదీ, గడువు చూసి రసీదు తీసుకోండి. కౌలు రైతైనా సరే, రసీదు తన పేరునే రాయించుకోవాలి.