పంతుళ్ల శిక్షణ కాగితాల మీదేనా?

బడికి గోడలు కట్టించవచ్చు, సున్నాలు వేయించవచ్చు, బల్లలు తెప్పించవచ్చు. ఇవన్నీ కంటికి కనిపించే పనులు. ప్రారంభోత్సవాలకు, ఫోటోలకు అక్కరకు వచ్చే పనులు. కాని ఆ గోడల మధ్య నిలబడి పాఠం చెప్పే మనిషి కొత్త సంగతులు నేర్చుకుంటున్నాడా, లేక ఇరవై ఏళ్ల కిందట ట్రైనింగులో రాసుకున్నదే ఇప్పటికీ అప్పజెపుతున్నాడా అన్నది పైకి కనిపించదు. అందువల్లనే దాన్ని గురించి అడిగేవారు తక్కువ. కట్టంగూర్ మండలంలోనే కాదు, జిల్లాలో ఏ ఊళ్లో గ్రామసభ జరిగినా రోడ్లు, మోర్లు, నీళ్లు, పింఛన్ల మాట వస్తుంది. మా సార్లకు ఈ ఏడు ఏం శిక్షణ ఇచ్చారు అన్న ప్రశ్న మాత్రం రాదు.

పత్తి వేసే రైతుకు ఏటా కొత్త విత్తనం, కొత్త పురుగు, కొత్త మందు గురించి తెలుసుకోక తప్పదు. తాత చెప్పిన సేద్యమే చేస్తానంటే పెట్టుబడి కూడా తిరిగిరాదు. ఈ సంగతి గుర్తించే 2020 నుంచి రాష్ట్రంలో సుమారు ఐదువేల ఎకరాలకొకటి చొప్పున 2,601 రైతువేదికలు కట్టించారు. పంట మారినట్టే పాఠమూ మారుతున్నది. అయితే రైతు నేర్చుకోకపోతే నష్టం అతని ఇంటికే వస్తుంది. ఉపాధ్యాయుడు నేర్చుకోకపోతే అతని జీతం ఆగదు. నష్టపోయేది మన పిల్లవాడు.

ఈ పదేళ్లలో బడిలో వచ్చిన మార్పులు చిన్నవి కావు. 2022-23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషుగా వచ్చాయి. తెలుగు మీడియంలో చదివి, తెలుగులోనే పాతికేళ్లు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయులు ఒక్కసారిగా లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. వారికి అప్పట్లో కొన్నాళ్లు శిక్షణ ఇచ్చిన మాట నిజమే. కాని కొన్నాళ్ల శిక్షణతో ఒక భాష నోటికి పట్టుబడుతుందా? అదే 2022లో చదవడం, రాయడం, లెక్కలు చేయడం రాని చిన్నపిల్లల కోసం తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. ఆ మరుసటి ఏడు పై తరగతులకు ఉన్నతి వచ్చింది. పేరు మారినప్పుడల్లా రిజిస్టర్లు మారాయి. బోధన ఎంతవరకు మారిందన్నది ఆలోచించవలసిన విషయం.

శిక్షణ అన్నది మనకు కొత్త మాట కాదు. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక దేశమంతటా వేసవి సెలవుల్లో లక్షలాది మంది ఉపాధ్యాయులకు పునశ్చరణ శిబిరాలు జరిగాయి. ఆ విధానం ప్రకారమే 1987 నుంచి జిల్లాకొక విద్యాశిక్షణ సంస్థ, అనగా డైట్, ఏర్పడుతూ వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 1989 తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించి, 1996 వరకు నడిచింది. నేటి పెద్ద సార్లు ఆ రోజులను ఇప్పటికీ తలచుకుంటారు. అందులో ముఖ్యమైనది ఉపాధ్యాయ కేంద్రం. చుట్టుపక్కల బడుల పంతుళ్లు ఏడాదికి ఆరుసార్లు ఒకచోట కలిసి, తాము చేసిన పాఠం, తయారుచేసిన బొమ్మలు, ఎదురైన చిక్కులు చెప్పుకొనేవారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, జట్లుగా కూర్చుని నేర్చుకోవాలి, ఊళ్లో దొరికే వస్తువులనే పాఠానికి వాడాలి, పిల్లలు చేసిన పనిని గోడలకు తగిలించాలి అన్న సూత్రాలు అప్పటివే. పథకం ముగిసింది, డబ్బు ఆగింది, కేంద్రాల ఊపూ తగ్గింది. తర్వాత వచ్చిన పథకాల్లో మండల వనరుల కేంద్రాల పేరుతో భవనాలు కట్టారు. అక్కడ ఇప్పుడు పాఠాల చర్చ కన్నా బిల్లులు, లెక్కల కాగితాలే ఎక్కువగా నడుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు.

ఇక నేటి నిబంధనలు చూద్దాం. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని చెప్పింది. రోజుకు ఆరు గంటల చొప్పున లెక్కిస్తే ఎనిమిది రోజులకు కొంచెం ఎక్కువ. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నడవవలసింది ప్రాథమిక తరగతులకు 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 220 రోజులు. ఆ లెక్కన ఎనిమిది రోజులు పెద్ద భారం కాదు. 2019లో మొదలైన నిష్ఠ శిక్షణ, కరోనా వచ్చిన 2020 నుంచి దీక్షా యాప్ ద్వారా ఫోనులోనే సాగింది. ఇంట్లో కూర్చుని నేర్చుకొనే వీలుండటం మంచిదే. కాని ఫోనులో వీడియో తనపాటికి తాను నడుస్తుంటే పక్కన వేరే పని చేసుకొనేవారూ ఉన్నారని ఉపాధ్యాయులే నవ్వుతూ చెబుతారు. చివరికి సర్టిఫికెట్ వస్తుంది, పాఠం రాదు.

ఊరివారి వాదన వేరు. "ఎప్పుడు జూసినా సారుకు మీటింగే, పోరగాండ్లకు చదువెప్పుడు?" అని అడిగే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు కూడా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. అయినా ఒకే టీచరుతో నెట్టుకొస్తున్న బడులు ఇంకా ఉన్నాయి. ఆ ఒక్కరూ శిక్షణకు పోతే బడికి తాళం పడుతుంది, లేదా పక్క బడి నుంచి ఒకరు వచ్చి పిల్లలను కూర్చోబెట్టి పోతారు. ఇద్దరున్నచోట ఒకరు పోతే మిగిలిన ఒక్కరే ఐదు తరగతులు చూడాలి. శిక్షణ ఎంత మంచిదైనా, దాని ఖర్చు బీదవాడి బిడ్డ చదువులో నుంచి తీయడం న్యాయం కాదు. బడి ఆగకుండా సారు నేర్చుకొనే దారి చూడవలసింది ప్రభుత్వమే.

శిక్షణ ఎలా ఉన్నదన్నది మరొక ప్రశ్న. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత చాలా శిబిరాలకు సరిపోతుంది. ఒకరు మైకు ముందు నిలబడి పొద్దంతా చదువుతారు. వందమంది కుర్చీల్లో కూర్చుని వింటారు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సంతకం. పల్లె బడిలో అసలు చిక్కు ఏమంటే ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పడం. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, మూడో తరగతికి లెక్క ఇచ్చి, ఐదో తరగతికి పాఠం చదివించాలి. ఒక తరగతికి ఒక టీచరు ఉన్న బడిని మనసులో పెట్టుకుని తయారుచేసిన శిక్షణ వీరికి ఏ మూలకు వస్తుంది?

ఈ విషయంలో జపాను ఉపాధ్యాయుల పద్ధతి తెలుసుకోదగినది. అక్కడ కొందరు టీచర్లు కలిసి ఒక పాఠాన్ని తయారుచేస్తారు. ఒకరు తమ తరగతిలో ఆ పాఠం చెబుతుంటే మిగిలినవారు వెనుక నిలబడి చూస్తారు. ఏ పిల్లవాడికి ఎక్కడ అర్థం కాలేదో రాసుకుంటారు. తర్వాత కూర్చుని మాట్లాడుకుని పాఠాన్ని సరిదిద్దుతారు. దీనికి పెద్ద హాలు, మైకు, వంటలు అక్కరలేదు. మన స్కూల్ కాంప్లెక్సు సమావేశాల్లో నమూనా పాఠం చెప్పించే అలవాటు ఉన్నదే. దాన్ని తూతూమంత్రంగా కాక నిజంగా నడిపితే చాలు.

పాఠానికి సరుకు మన కాళ్ల కింద నేలలోనే ఉన్నది. నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడు నీళ్లు గుర్తుకొస్తాయి. ఆ నీటిని పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేసే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970 దశకంలో రూపొందించారు. ప్రపంచమంతటా దాన్ని 'నల్లగొండ పద్ధతి' అనే పిలుస్తారు. మన జిల్లా పేరు విదేశీ పుస్తకాల్లో ఉన్నదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? అయిటిపాముల, ఈదులూరు, పరడ, ముత్యాలమ్మగూడెం వంటి ఊళ్ల సార్లు ఒకచోట కూర్చుని దీన్నొక సైన్సు పాఠంగా మలచుకుంటే అదే నిజమైన శిక్షణ.

ప్రైవేటు బడుల టీచర్లను కూడా మరువరాదు. హైదరాబాద్-విజయవాడ రోడ్డు పొడుగునా పొద్దున్నే పసుపుపచ్చ బస్సులు పిల్లలను ఎక్కించుకుని నకిరేకల్ వైపు, నార్కట్‌పల్లి వైపు పోతుంటాయి. ఆ బడుల్లో చెప్పేవారిలో చాలామంది మన ఊళ్ల ఆడపిల్లలే. 2017లో చట్టం సవరించి, శిక్షణ లేని టీచర్లంతా 2019 మార్చి 31లోగా అర్హత సంపాదించాలని గడువు పెట్టారు. ఓపెన్ స్కూల్ ద్వారా ఎందరో డిప్లొమా చదివారు. ఆ తర్వాత వారి బాగోగులు అడిగినవారు లేరు. వారి ముందు కూర్చునేదీ ఈ జిల్లా పిల్లలే కనుక మండల స్థాయి శిక్షణల్లో వారికీ చోటు ఇవ్వాలి.

సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న ఇచ్చిన తీర్పుతో సర్వీసులో ఉన్న ఉపాధ్యాయుల్లో కలవరం పుట్టింది. పదవీవిరమణకు ఐదేళ్ల కన్నా ఎక్కువ గడువున్నవారు రెండేళ్లలోగా టెట్ పాసు కావాలని, అంతకు తక్కువ గడువున్నవారికి కూడా ప్రమోషను కావాలంటే టెట్ తప్పదని కోర్టు చెప్పింది. ఉపాధ్యాయుడికి అర్హత ఉండాలనడంలో ఎవరికీ భేదాభిప్రాయం ఉండదు. అయితే పరీక్ష అనేది ఉన్న చదువును కొలిచే తూకమే. తూకం రాయి పెట్టినంత మాత్రాన బస్తాలో వడ్లు పెరగవు. ఏళ్ల తరబడి సరైన శిక్షణ ఇవ్వని ప్రభుత్వాలు, పరీక్ష భారమంతా టీచరు నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం తగదు. టెట్‌కు చదువుకొనేవారికి డైట్‌లోనైనా, సెలవు రోజుల్లో మండల కేంద్రంలోనైనా తరగతులు నడపాలి.

కాబట్టి చేయవలసిన పనులు స్పష్టమే. ఏ బడి టీచరు ఏ తేదీల్లో ఏ శిక్షణకు పోతారో జూన్‌లోనే పట్టిక తయారుచేసి బడి గోడకు, పంచాయతీ ఆఫీసుకు అంటించాలి. ఒకే బడి నుంచి అందరినీ ఒకేసారి పిలవరాదు. ఏకోపాధ్యాయ పాఠశాలకు ప్రత్యామ్నాయం చూపిన తర్వాతనే పిలవాలి. ఏం నేర్పాలో రాజధానిలో నిర్ణయించే ముందు ఏం కావాలో పల్లె సార్లను అడగాలి. శిక్షణ ముగిసిన నెలలోపు ఎవరైనా బడికి వచ్చి అది ఎలా అమలవుతున్నదో చూడాలి. చూసేవాడే లేకపోతే ఇదంతా వృథా. డైట్‌లలో ఏళ్లుగా మిగిలిపోయిన అధ్యాపకుల ఖాళీలు నింపాలి. ప్రధానోపాధ్యాయులకే అదనపు బాధ్యతగా అప్పగిస్తున్న మండల విద్యాధికారి ఉద్యోగానికి పూర్తికాలం అధికారిని నియమించాలి. రెండు గుర్రాల మీద స్వారీ చేసేవారు ఏ బడిని తీరికగా చూడగలరు?

గ్రామస్థుల వంతు పనీ ఉన్నది. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మన మహిళా సంఘాల అక్కచెల్లెళ్లే ఉన్నారు. మరుగుదొడ్లు, కరెంటు, నీళ్ల గురించి అడిగినట్టే శిక్షణ గురించీ అడగాలి. సారు మీటింగుకు పోయి వచ్చాడని సణుక్కోవడం కన్నా, "సారూ, ఏం నేర్చుకొని వచ్చిండ్రు? మా పిల్లలకు ఎప్పుడు చెప్తరు?" అని మర్యాదగా అడిగితే మేలు. అడిగేవారున్నారని తెలిస్తే నేర్పేవారూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్పుతారు, నేర్చుకునేవారూ శ్రద్ధగా నేర్చుకుంటారు.

2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి నల్లగొండ జిల్లాలో వందకు 64 మందే అక్షరాస్యులు. పక్కనున్న మహబూబ్‌నగర్‌లో 55 మందే. ఇంకా ఎంతో దూరం నడవవలసిన జిల్లాలు మనవి. నడిపించేవాడికి దారి తెలియాలి. జిల్లా విద్యాశాఖాధికారులు, మన శాసనసభ్యులు ఈ విషయాన్ని పట్టించుకుని, వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికైనా ప్రతి బడి గోడ మీద శిక్షణ పట్టిక కనిపించేట్టు చూడాలని ఈ ప్రాంత ప్రజల పక్షాన కోరుతున్నాం.