పెళ్లి ఆల్బమ్‌లో దొరకని మోసం

అమెరికాలో ఉన్న భర్త దగ్గరకో భార్య దగ్గరకో వెళ్లాలని వీసాకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు ముందుగా తమది నిజమైన పెళ్లేనని రుజువు చేసుకోవాలి. అక్కడి వలస చట్టం ఆ భారాన్ని దంపతుల మీదే పెట్టింది. అందులో తప్పు పట్టాల్సింది లేదు. గ్రీన్‌కార్డు కోసం డబ్బు పోసి పెళ్లి కొనుక్కునేవాళ్లు ఉన్నారు, వాళ్లను ఆపే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. నా అభ్యంతరమల్లా ఆ మోసాన్ని వెతికే పద్ధతి మీద. ఇద్దరి ఉద్దేశం ఏమిటో తేల్చవలసిన అధికారులు ఆ పెళ్లి పైకి ఎలా కనబడుతోందో చూసి అనుమానిస్తున్నారు. అనుమానించాక కారణం పూర్తిగా చెప్పరు, చెప్పకపోయినా అడిగే కోర్టు దాదాపు లేదు. దీని దెబ్బ ఎక్కువగా తగిలేది పెద్దలు కుదిర్చిన పెళ్లి చేసుకుని, ఇక్కడ నెలల తరబడి ఎదురుచూసే దంపతులకే. ఆ జాబితాలో తెలుగు ఇళ్లు తక్కువేమీ లేవు.

నిజానికి చట్టం చెప్పే కొలమానం సూటిగానే ఉంది. 1975లో బార్క్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, పెళ్లి చేసుకునేనాటికి కలిసి బతకాలన్న ఉద్దేశం ఇద్దరికీ ఉందా లేదా అన్నదే చూడాలని తేల్చింది. తర్వాత వేరువేరుగా ఉన్నంత మాత్రాన అది దొంగపెళ్లి అయిపోదని, స్వదేశీ పౌరుల కాపురాలకన్నా పద్ధతిగా, సవ్యంగా విదేశీయుల కాపురాలు ఉండాలని ప్రభుత్వం కోరకూడదని కూడా చెప్పింది. పదేళ్ల తర్వాత, 1985లో, సెనేట్ కమిటీ ముందు అప్పటి వలస శాఖ కమిషనర్ ఒక అంకె పెట్టాడు: దంపతుల దరఖాస్తుల్లో 30 శాతం దాకా మోసం ఉండవచ్చని. ఆ అంకె వేడి మీదే 1986 నవంబరులో వివాహ మోసాల నిరోధక సవరణలు వచ్చాయి. పెళ్లయి రెండేళ్లు నిండనివారికి షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్‌కార్డు మాత్రమే ఇవ్వడం అప్పుడు మొదలైంది. దొంగపెళ్లి రుజువైతే అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. దొంగపెళ్లి చేసుకున్నాడని ఒకసారి తేలిన మనిషి కోసం ఇంకెవరు పిటిషన్ పెట్టినా జీవితాంతం ఆమోదించరు. ఇంత చట్టానికి పునాది వేసిన ఆ 30 శాతం సర్వే గణాంక శాస్త్రం ప్రకారం నిలవదని, అది లెక్కపెట్టింది అనుమానాలనే తప్ప రుజువైన మోసాలను కాదని తర్వాత మన్వానీ కేసులో ఆ శాఖే ఒప్పుకోవలసి వచ్చింది. అంకె పోయింది, దాని మీద కట్టిన చట్టం మాత్రం నలభై ఏళ్లుగా నిలిచే ఉంది.

ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ కోసం మనవాళ్లు వెళ్లే ముంబై కాన్సులేట్‌లో, అద్దానికి అవతల కూర్చున్న అధికారికి ఒక్కో ఫైలుకు దొరికేది కాస్త సమయమే. ఆ కాసేపట్లో ఒక తెలుగు పెళ్లి ఆయన కళ్లకు ఎలా ఆనుతుందో చూడండి. అబ్బాయికి మూడు వారాల సెలవు. మొదటి వారంలో పెళ్లిచూపులు, రెండో వారంలో నిశ్చితార్థం, మూఢం రాకముందే ముహూర్తం, ఆ వెంటనే తిరుగు ప్రయాణం. తొలి ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని అమ్మాయిని పుట్టింటికి పంపేస్తారు. ఆ నెలలో భర్త సెలవు మీద ఇండియా వచ్చినా భార్య అత్తవారింట కనబడదు. పాస్‌పోర్టులో ఆమె ఇంటిపేరు పుట్టింటిదే. ఆల్బమ్‌లో రెండు వందల మంది బంధువులుంటారు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం ఉంటాయి. వధూవరులు ఒకరినొకరు కౌగిలించుకున్న ఫొటో కోసం వెతికితే దొరకదు. ఇక పుట్టినరోజు సంగతి. మన ఇళ్లలో చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న తేదీ ఒకటి, నిజంగా పుట్టిన తేదీ ఇంకొకటి. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వయసు సరిపెట్టి రాసిన తేదీయే పాస్‌పోర్టు దాకా వస్తుంది. మీ భర్త పుట్టినరోజు ఎప్పుడని అధికారి అడిగితే భార్య ఇంట్లో కేకు కోసే తేదీ చెబుతుంది. ఎదురుగా కంప్యూటర్లో వేరే తేదీ కనబడుతుంది. మేనరికమైతే మరీ కష్టం. చిన్నప్పటి నుంచీ ఎరిగిన బావ గురించి, మీరిద్దరూ మొదట ఎక్కడ కలిశారన్న ప్రశ్నకు చెప్పడానికి కథేమీ ఉండదు. చుట్టాన్ని చుట్టం దేశం దాటిస్తున్నాడని అధికారికి అనిపిస్తే అనిపించవచ్చు. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్ల మీద అద్దె ఒప్పందం, బీమాలో నామినీ వంటి కాగితాలు అడుగుతారు. వీసా లేక రెండు ఖండాల్లో ఉంటున్న జంటకు ఉమ్మడి అద్దె ఒప్పందం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇవన్నీ నేను అతిగా ఊహించి చెబుతున్నవని అనుకోనక్కర్లేదు. కెనడా వలస అధికారుల శిక్షణ పత్రం ఒకటి 2015లో పత్రికలకెక్కింది. ఫొటోల్లో జంట పెదవులపై ముద్దు పెట్టుకోకపోవడం, హనీమూన్‌కు వెళ్లకపోవడం అందులో దొంగపెళ్లి ఆనవాళ్లలో చేరాయి. ఆ లెక్కన మన జిల్లాల్లో నిండు నూరేళ్లు కాపురం చేసిన దంపతుల్లో అనుమానం తగలనివాళ్లు ఎందరు మిగులుతారు?

ఇప్పుడు నిజమైన మోసగాళ్ల సంగతి చూద్దాం. 2019 మేలో హ్యూస్టన్‌లో ఒక ముఠాకు సంబంధించి 96 మందిపై అభియోగాలు మోపారు. గ్రీన్‌కార్డు కావలసినవాళ్లు ఒక్కొక్కరు 50 వేల నుంచి 70 వేల డాలర్ల దాకా ఇచ్చుకున్నారని, పెళ్లి లైసెన్సు తీసుకునే కాసేపటి ముందు తప్ప ఆ జంటలు ఒకరి ముఖం ఒకరు చూసుకోనేలేదని అభియోగపత్రం చెప్పింది. అధికారులకు చూపించడానికి ముఠా వాళ్లకు పెళ్లి ఆల్బమ్‌లు కూడా తయారుచేసి ఇచ్చిందట. 2022 ఏప్రిల్‌లో బోస్టన్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు బయటపెట్టిన మరో కేసులో లాస్ ఏంజెలెస్‌లోని ఏజెన్సీ కనీసం 400 దొంగపెళ్లిళ్లు కుదిర్చింది, మనిషికి 20 వేల నుంచి 30 వేల డాలర్లు నగదుగా తీసుకుంది. పార్కుల్లో ఉత్తుత్తి పెళ్లితంతులు జరిపించి, అద్దె అలంకరణల ముందు నిలబెట్టి ఫొటోలు తీయించింది. అధికారులు ఏం చూడాలనుకుంటారో అదంతా ఆ ఫైళ్లలో ఉంది. ఆ గుట్టు రట్టయింది ఆల్బమ్ తిరగేసినందువల్ల కాదు, ఆ ముఠాల మీద నేర దర్యాప్తు జరిపినందువల్ల. కొనుక్కున్న పెళ్లికి ఫొటోలు సిద్ధంగా ఉంటాయి, జవాబులు కంఠతా వచ్చి ఉంటాయి. తడబడేది ఇంటర్వ్యూకు ఎవరూ తర్ఫీదు ఇవ్వని జంట. అందుకే పైరూపం మీద పెట్టే పరీక్ష ఎంత కఠినంగా పెడితే అంతగా గురి తప్పుతుంది.

బ్రిటన్ ఈ దారిలో ముందే చాలా దూరం నడిచి వెనక్కి వచ్చింది. 1979లో, పెళ్లి చేసుకోవడానికి వచ్చిన ముప్పై అయిదేళ్ల భారతీయ ఉపాధ్యాయినికి హీత్రూ విమానాశ్రయంలో కన్యత్వ పరీక్ష చేశారు. భారతదేశపు అమ్మాయి అయితే పెళ్లికి ముందు ఇలాగే ఉండాలన్న ఊహ ఒక్కటే దానికి ఆధారం. ఆమె ఒక్కతే కాదని తర్వాత బయటపడిన ప్రభుత్వ పత్రాలు తేల్చాయి. 1980ల నుంచి అక్కడ ‘ప్రధాన ఉద్దేశం’ నిబంధన నడిచింది. పెళ్లి ప్రధానంగా బ్రిటన్‌లో స్థిరపడటం కోసం కాదని దరఖాస్తుదారు రుజువు చేసుకోవాలి. కాపురం నిజమైనదేనని అధికారికి నమ్మకం కలిగినా సరే, ఆ గీటురాయి మీద నిలవకపోతే వీసా రాదు. భార్యే ఇండియా రావచ్చు కదా అని అడిగేవారు. ఆమె ఉద్యోగం అక్కడుందని భర్త నిజం చెబితే ఆ నిజమే అతనికి వ్యతిరేక సాక్ష్యమయ్యేది. ఎక్కువగా దెబ్బతిన్నది భారత ఉపఖండం కుటుంబాలే. 1997లో కొత్తగా వచ్చిన లేబర్ ప్రభుత్వం మొదటి నెలల్లోనే దాన్ని రద్దు చేసింది. పెళ్లి చేసుకుని మంచి దేశంలో బతకాలని కోరుకోవడం, భర్తతో కలిసి బతకాలని కోరుకోవడం ఒకే మనిషిలో ఒకేసారి ఉంటాయి. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఉద్యోగం, ఊరు అడగని తల్లిదండ్రులు ఉంటారా? ఆ రెండు కోరికలనూ విడదీసి తూచబోయిన ప్రతి ప్రభుత్వమూ అమాయకుల్నే శిక్షించింది.

వీసా హక్కు కాదు, ఎవరిని రానివ్వాలో ఆ దేశం ఇష్టం, సంజాయిషీ ఎందుకు చెప్పాలి అనే వాదన ఉంది. అది బలమైన వాదనే. 2024 జూన్‌లో మున్యోజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, విదేశీ జీవిత భాగస్వామిని దేశంలోకి రానివ్వాలని కోరే ప్రాథమిక హక్కు పౌరులకు లేదని మెజారిటీ తీర్పుతో చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో బువార్ఫా కేసులో, దొంగపెళ్లి కారణంగా పిటిషన్‌కు ఇచ్చిన ఆమోదం రద్దు చేస్తే ఆ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించలేవని ఏకగ్రీవంగా చెప్పింది. మళ్లీ పిటిషన్ పెట్టి అది తిరస్కరణకు గురైతే అప్పుడు కోర్టుకు రావచ్చునంది. కానీ నేను అడుగుతున్నది వీసా ఇవ్వమని కాదు, అనుమానం ఏమిటో చెప్పమని. ఆ పని అమెరికా తన గడ్డ మీద చేస్తూనే ఉంది. అక్కడ దాఖలైన పిటిషన్‌ను ప్రతికూల సమాచారం ఆధారంగా తిరస్కరించేముందు ఆ సమాచారాన్ని దరఖాస్తుదారుకు తెలియజేసి, సమాధానానికి గడువు ఇవ్వాలని నిబంధనలే చెబుతున్నాయి. కాన్సులేట్‌లో మాత్రం ఆ భార్య చేతికి వచ్చేది, వీసా ప్రస్తుతానికి ఇవ్వలేమని చెప్పే 221(జి) చీటీ. ఫైలు వెనక్కి అమెరికా వెళ్తుంది, రద్దు నోటీసు ఎప్పటికో స్పాన్సర్‌కు అందుతుంది, ఆమె మాత్రం ఏ జవాబు తప్పయిందో తెలియక ఎదురుచూస్తూ ఉంటుంది. పుట్టినతేదీ తేడా గురించి ఆ రోజే అడిగి ఉంటే మర్నాటికి మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం తెచ్చి చూపించేదేమో.

కారణాలు చెబితే మోసగాళ్లు పాఠం నేర్చుకుంటారని మరికొందరి భయం. ఆ పాఠం వాళ్లకు ఎప్పుడో వచ్చేసిందని హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్ చెబుతున్నాయి. ఇంత గట్టిగా వడకడితేనే మన ఆడపిల్లలు ఎన్‌ఆర్‌ఐ మోసాల నుంచి బయటపడతారన్న మాటా వినిపిస్తుంది. అక్కడ ముందే పెళ్లయినవాడు ఇక్కడ మళ్లీ తాళి కట్టడం, కట్నం పుచ్చుకుని వదిలేసిపోవడం నిజంగా జరుగుతున్న ఘోరాలు. వాటికోసమే 2019లో ఎన్‌ఆర్‌ఐ వివాహాల నమోదు బిల్లు రాజ్యసభకు వచ్చింది, 2024లో లా కమిషన్ 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలంది. కానీ ఆల్బమ్ తిరగేసే అధికారి వెతికేది అమ్మాయికి జరిగిన మోసాన్ని కాదు, తన దేశానికి జరిగిందనుకునే మోసాన్ని. ఆ అనుమానంలో ముందు ఇరుక్కునేది తరచూ ఆమే.

మనవైపు నుంచి కూడా ఒక అలవాటు మానాలి. ముహూర్తానికి ఆరు నెలల ముందే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టించి, ఆ సర్టిఫికెట్‌తో వీసా పని మొదలుపెట్టే పద్ధతి మన కుటుంబాల్లో పాకిపోయింది. సర్టిఫికెట్ మార్చిలో, శుభలేఖ ఆగస్టులో, నడుమ నిశ్చితార్థం ఫొటోలు ఫేస్‌బుక్‌లో. ఇది ఏ దురుద్దేశంతోనూ చేసేది కాదు, తొందర కొద్దీ చేసేది. కానీ మన చట్టం ప్రకారమే ఇది తప్పు. 2024లో డాలీ రాణి కేసులో సుప్రీంకోర్టు, వీసా దరఖాస్తు కోసమని ముందే రిజిస్టర్ చేయించుకునే ఈ ధోరణిని పేరుపెట్టి ప్రస్తావించింది. హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం తంతు జరగకుండా వచ్చిన సర్టిఫికెట్ పెళ్లికి రుజువు కాదని తేల్చింది. అంటే అమెరికా అధికారి చేతిలో పడేది మన కోర్టే చెల్లదన్న కాగితం. దాని మీద పుట్టే అనుమానానికి అతన్ని తప్పుపట్టలేం.

అనుమానం ఒకసారి చట్టంలోకి ఎక్కితే ఇంట్లోకి కూడా వస్తుంది. రెండేళ్ల షరతు గ్రీన్‌కార్డు మీద వెళ్లిన భార్య గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో షరతు తొలగించమని భర్తతో కలిసి సంతకం పెట్టాలి. ఆ సంతకం ఇవ్వననేది కొడుతున్న భర్త చేతిలో బెదిరింపు అవుతుందని గ్రహించే అమెరికా కాంగ్రెస్ 1990లో హింసకు గురైనవారికి మినహాయింపు ఇచ్చింది. కెనడా 2012లో ఇలాంటి షరతే పెట్టి, బాధితులు హింసను సహిస్తూ ఉండిపోతున్నారని 2017లో పూర్తిగా తీసేసింది. అమెరికాలో మాత్రం దిశ ఎదురు తిరిగింది. 2025 ఆగస్టులో వలస సేవల శాఖ కుటుంబ పిటిషన్ల పరిశీలనను మరింత బిగించింది, తిరస్కరణతో పాటే బహిష్కరణ విచారణకు పిలిచే అవకాశాన్ని గుర్తుచేసింది. అమెరికాలోని తెలుగు సంఘాలైన తానా, ఆటా, నాట్స్ మహాసభల వేదికల మీదకు కాంగ్రెస్ సభ్యులను ఆహ్వానించి శాలువాలు కప్పుతున్నాం. వాళ్ల ముందు పెట్టడానికి ఈ ఒక్క కోరిక చాలు. కాన్సులేట్‌లో పెళ్లి మీద అనుమానం వచ్చిన రోజునే ఆ అనుమానానికి ఆధారమేమిటో దంపతులిద్దరికీ రాతపూర్వకంగా ఇవ్వాలి. అమెరికాలో ఉన్న పిటిషనర్‌కు ఇస్తున్న జవాబు గడువునే ముంబైలో ఎదురుచూస్తున్న భార్యకూ ఇవ్వాలి. ఆ తర్వాత కూడా కాదంటే, ఆ నిర్ణయాన్ని అధికారి పైవాడు కాకుండా వేరే ఎవరైనా ఒకసారి చదవాలి.