కూలర్ కంటే ముందు కొలత

2014లో మారుతీ సెలెరియోతో ఏఎంటీ గేర్‌బాక్స్ చవకగా దొరకడం మొదలైన దగ్గర్నుంచి, క్లచ్ తొక్కే పని లేని కారు మధ్యతరగతి ఇళ్లకూ వచ్చేసింది. గచ్చిబౌలి దారిలోనో, బెంజ్ సర్కిల్ దగ్గరో సాయంత్రం పూట పాకుతూ ఇంటికి చేరేవాళ్ల ఎడమ కాలికి దొరికిన విశ్రాంతి తక్కువదేమీ కాదు. ఆ సుఖం వెంటే ఒక భయమూ వచ్చింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పాడైతే బిల్లు లక్షల్లో ఉంటుందని అందరూ విన్నారు. ఆ భయం మీదే ఇప్పుడొక సలహా తిరుగుతోంది: మన ఎండలకు కంపెనీ ఇచ్చిన ఏర్పాటు చాలదు, రేడియేటర్ ముందు గేర్‌బాక్స్ ఆయిల్‌కు విడిగా ఒక కూలర్ బిగించుకోండి, ఆయుష్షు పెరుగుతుంది అని. వేడి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు శత్రువన్న మాట నిజం. విడి కూలర్ కొన్ని కార్లకు నిజంగా పనికొస్తుందన్నదీ నిజమే. కానీ ఆయిల్ ఎంత వేడెక్కుతోందో ఒక్కసారైనా చూడకుండా ఎవరికైనా కూలర్ అంటగట్టడాన్ని నేను ఒప్పుకోను. ఆ కొలత చూసుకునే వీలు కారు కొన్నవాడికి లేకుండా చేసిన కంపెనీల తీరును అంతకంటే ఒప్పుకోను.

ముందు ఆ వేడి ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఇన్నోవా క్రిస్టా, ఎర్టిగా, డీజిల్ క్రెటా లాంటి కార్ల ఆటోమేటిక్‌లలో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజిన్ ఒకవైపు రెక్కల చక్రాన్ని తిప్పితే, అది విసిరే ఆయిల్ ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగవు. తేడా ఉన్నంతసేపూ ఆ జారుడులో పోయిన శక్తంతా వేడై ఆయిల్‌లోకే చేరుతుంది. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు లోపలి లాకప్ క్లచ్ పడి రెండు చక్రాలూ ఒకటవుతాయి, ఈ జారుడు వేడి దాదాపు ఆగిపోతుంది. అందుకే వంద వేగంతో విజయవాడ వెళ్లే కారు కంటే, ఏడుగురిని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కే కారు గేర్‌బాక్స్ ఎక్కువ కష్టపడుతుంది. మెట్ట ఎక్కుతూ కన్వర్టర్ గుండా 20 కిలోవాట్ల శక్తి పోతోందనుకుందాం. అందులో ఐదో వంతు జారిపోతే 4 కిలోవాట్లు, అంటే ఇంట్లో రెండు గీజర్లు ఆపకుండా వేసి ఉంచినంత వేడి. ఏడు లీటర్ల ఆయిల్ ఒక్కటే దాన్ని పీల్చుకోవాల్సి వస్తే నిమిషానికి 20 డిగ్రీల చొప్పున కాగుతుంది. చుట్టూ ఉన్న లోహం పంచుకుంటుంది కాబట్టి అంత జోరుగా పెరగదు గానీ, ఆ వేడి బయటికి పోయే దారి మాత్రం ఉండి తీరాలి. (చిన్న గేర్‌లోనే ఉంచి ఎక్కితే లాకప్ తొందరగా పడి ఈ జారుడు తగ్గుతుంది. పైసా ఖర్చు లేని ఈ చిట్కా కూలర్ అమ్మేవాళ్లు చెప్పరు.)

టార్క్ కన్వర్టర్ కార్లలో ఆ దారి కంపెనీయే పెడుతుంది. వేడెక్కిన ఆయిల్ రేడియేటర్ పక్క ట్యాంకులో ఉన్న గొట్టం గుండానో, గేర్‌బాక్స్‌కే అతికించిన చిన్న పలకల కూలర్ గుండానో వెళ్లి తన వేడిని ఇంజిన్ కూలెంట్‌కు ఇచ్చి వస్తుంది. ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండ 45 దాటుతుంది కదా, ఎక్కడో చల్లటి దేశంలో గీసిన డిజైను ఇక్కడ నిలుస్తుందా అని. న్యాయమైన అనుమానమే, కానీ లెక్క మరోలా తేలుతుంది. ఇంజిన్ కూలెంట్‌ను థర్మోస్టాట్ చలికాలమైనా ఎండాకాలమైనా 90 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంచుతుంది. రేడియేటర్ తన శక్తి మేరకు పనిచేస్తున్నంత కాలం, బయట 30 ఉన్నా 45 ఉన్నా గేర్‌బాక్స్ ఆయిల్‌కు ఎదురయ్యే కూలెంట్ దాదాపు అదే. గాలితో చల్లబరిచే విడి కూలర్ సంగతి అలా కాదు. 90 డిగ్రీల ఆయిల్‌కు 30 డిగ్రీల గాలితో 60 డిగ్రీల తేడా ఉంటే, 45 డిగ్రీల గాలితో 45 డిగ్రీల తేడాయే మిగులుతుంది. దాని సత్తాలో నాలుగో వంతు ఎండే తినేస్తుంది. పైగా ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు దానికి రేడియేటర్ ఫ్యాన్ లాగే గాలి తప్ప వేరే దిక్కు లేదు. కూలెంట్ చల్లార్చాక మిగిలిన వేడిని ఇంకొంత తీయగలదు, అది కాదనను. అయితే మన ఎండలను చూపించి అమ్ముతున్న వస్తువు ఆ ఎండలకే ఎక్కువ బలహీనపడుతుందని కొనేవాళ్లకు తెలియాలి.

ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, ఆటోమేటిక్ అన్న ఒక్క పేరు కింద మన రోడ్ల మీద నాలుగు వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి. ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని చిన్న మోటారో, హైడ్రాలిక్ పరికరమో చేస్తుంది. అందులో చల్లబరచాల్సినంత వేడి ఆయిలే ఉండదు. పొడి క్లచ్‌ల డీసీటీలో (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌లో) వేడి పుట్టేది క్లచ్ పలకల మధ్య. వాటికి ఆయిల్ తగలనే తగలదు, గాలికే చల్లారాలి. అలాంటి కారుకు ఆయిల్ కూలర్ బిగిస్తే రోగం ఒకటి, మందు ఇంకొకటి. హ్యుందాయ్ డీసీటీ కార్లతో ఇచ్చే యజమాని పుస్తకంలో మెట్ట మీద యాక్సిలరేటర్‌తో కారును పట్టి ఉంచొద్దనీ, క్లచ్ వేడెక్కిందని తెర మీద హెచ్చరిక వస్తే కారు పక్కకు ఆపి చల్లారనివ్వమనీ రాసి ఉంటుంది. ఆ రెండు మాటలు పాటించడమే అక్కడ వైద్యం. ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల పొడి క్లచ్ పెట్టె 2013లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్ల రీకాల్‌కు కారణమైంది. వేడి, తేమ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఆగి ఆగి నడిచే కార్లలో విద్యుత్ లోపాలు రావడం దాని నేపథ్యం. కంపెనీ చేసింది సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయడం. ఇక సీవీటీ. అందులో ఉక్కు బెల్టును కప్పీల మధ్య బిగించి పట్టేది ఆయిల్ ఒత్తిడే కాబట్టి, వేడి పెరిగితే కంప్యూటరే ఇంజిన్ శక్తి తగ్గించేస్తుంది. అమెరికాలో నిస్సాన్ తన పాత సీవీటీలకు వారంటీని 10 ఏళ్లు, 1,20,000 మైళ్లకు పెంచాల్సి వచ్చింది. టార్క్ కన్వర్టర్ల తర్వాత కూలర్ గురించి ఆలోచించదగ్గవి ఏవైనా ఉంటే అవి ఈ సీవీటీలే. పొడి డీసీటీ ఉన్నవాళ్లకూ అదే సలహా ఇచ్చే షెడ్డుకు కారు కింద ఏముందో తెలియదన్నమాట.

ఈ విడి కూలర్ ఆచారం మనకు అమెరికా నుంచి వచ్చింది, అక్కడ దానికి గట్టి కారణమే ఉంది. వాళ్లు కారు వెనక పడవనో, క్యాంపర్ ట్రైలర్‌నో తగిలించుకుని కొండలెక్కుతారు. ఏ బండి ఎంత బరువు లాగగలదో తేల్చడానికి అక్కడి ఇంజినీర్ల సంఘం జె2807 అనే ప్రమాణం పెట్టింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల ఎక్కుడు దారిలో, 38 డిగ్రీల ఎండకు తగ్గకుండా, ఏసీ పూర్తిగా వేసుకుని, ట్రైలర్ లాగుతూ నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కడం ఆ పరీక్షలో ఒక భాగం. టెక్సస్‌లోనో, ఫీనిక్స్‌లోనో ఉంటూ ఎస్‌యూవీకి ట్రైలర్ తగిలించే తెలుగువాళ్లు కంపెనీ టోయింగ్ ప్యాకేజీ లేని బండి కొని ఉంటే, విడి కూలర్ వాళ్లకు అక్కరే. మరో సందర్భంలోనూ అది ఆదుకుంది. 2000ల రెండో భాగంలో వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్, ఎక్స్‌టెరా, ఫ్రాంటియర్‌లలో రేడియేటర్ లోపలి కూలర్ పగిలి, కూలెంట్ గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలిసి, గేర్‌బాక్సులే పోయాయి. వ్యవహారం కోర్టుకెక్కింది. చాలామంది యజమానులు ముందుజాగ్రత్తగా రేడియేటర్ దారి మూసేసి, ఆయిల్‌ను పూర్తిగా విడి కూలర్ గుండానే తిప్పుకున్నారు. అది తెలిసిన లోపానికి తెలిసిన విరుగుడు. పటాన్‌చెరు నుంచి హైటెక్ సిటీకి రోజూ ఒంటరిగా వెళ్లొచ్చే కారుకు వీటిలో ఏ కారణం ఉంది?

మన కార్ల గేర్‌బాక్సులను ఎక్కువగా దెబ్బతీసేది కూలర్ లేకపోవడం కన్నా ఆయిల్ మార్చకపోవడం అని నా అభిప్రాయం. దానికి ఆధారం గేర్‌బాక్స్ చేసేవాళ్ల మాటల్లోనే ఉంది. బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ జీవితకాలం పనిచేస్తుందని ఏళ్ల తరబడి చెప్పాయి. ఆ గేర్‌బాక్సులను తయారుచేసే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలోనో, ఎనిమిదేళ్లకోసారో మార్చమంటుంది. జీవితకాలం అంటే ఎవరి జీవితకాలం? వారంటీదా, గేర్‌బాక్స్‌దా? ప్రతి 10 డిగ్రీలకు ఆక్సీకరణ వేగం రమారమి రెట్టింపవుతుందన్నది రసాయనవేత్తల మోటు లెక్క. దాని ప్రకారం 90 దగ్గర ఉండాల్సిన ఆయిల్ 120 దగ్గర నడిస్తే ఎనిమిది రెట్లు తొందరగా ముసలిదవుతుంది. ఈ ఆయిల్ చాలా పట్టింపు ఉన్న ద్రవం. ఒకప్పుడు జనరల్ మోటార్స్ డెక్స్‌రాన్ ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె ఉండేది. 1970ల మొదట్లో అమెరికా ఆ తిమింగలాలకు రక్షణ కల్పించాక ప్రత్యామ్నాయం వెతికితే, కొత్తగా వచ్చిన ఆయిల్ కూలర్ గొట్టాల అతుకులనే తినేసింది. ఒక్క పదార్థం మారితేనే అంత తేడా వచ్చే చోట, డబ్బా మీద ఏ ప్రమాణం రాసి ఉందో చూడకుండా ఏదో ఆటోమేటిక్ ఆయిల్ పోసి, పైన ఒక కూలర్ తగిలించి, పని అయిపోయిందనుకోవడం కుదరదు.

బిగిస్తే పోయేదేముంది, వస్తే లాభమే కదా అంటారు. అక్కర లేని జాగ్రత్త కూడా మంచిదేనన్న మన పాత అలవాటు ఈ మాటకు బలం. చలిదేశాల్లో ఆయిల్ అతిగా చల్లబడి గేర్లు ఆలస్యంగా పడతాయన్న బెడద మనకు పెద్దగా లేదు. హైదరాబాద్ డిసెంబరు పొద్దుల్లో నాలుగు కిలోమీటర్లు ఎక్కువ నడిస్తే వేడెక్కుతుంది. అసలు ప్రమాదం అతుకుల్లో ఉంది. కొత్త కూలర్ అంటే కొత్త గొట్టాలు, కొత్త బిగింపులు. వేడి ఆయిల్‌ను తట్టుకునే గొట్టానికి బదులు చేతికందిన రబ్బరు గొట్టం వేస్తే అది కొన్నాళ్లకు మెత్తబడుతుంది. బ్రాకెట్ పెట్టకుండా రేడియేటర్ రెక్కల మధ్య నుంచి ప్లాస్టిక్ పట్టీలు దూర్చి కట్టేస్తే, కుదుపులకు అవి రాసుకుని రేడియేటర్‌కే చిల్లు పడుతుంది. గొట్టం ఊడితే పంపు ఆయిల్‌ను రోడ్డు మీదికి తోడేస్తుంది. డ్రైవర్‌కు తెలిసేసరికి గేర్‌బాక్స్ ఎండిపోయి ఉంటుంది. ఇప్పటి చాలా గేర్‌బాక్సులకు డిప్‌స్టిక్ కూడా లేదు. ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు కింది ప్లగ్ తీసి మట్టం చూడాలి. కూలర్‌లో నిండిన అదనపు ఆయిల్‌ను ఆ పద్ధతిలోనే సరిచూడాలి. వారంటీ సంగతి సరేసరి. విడి భాగం వల్లే చెడిందని చూపించకుండా వారంటీ ఎగ్గొట్టకూడదని అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం చెబుతుంది. మన దగ్గర కొనుగోలుదారుకు అంత సూటి రక్షణ లేదు, వాదన మొదలయ్యేదే కూలర్ దగ్గర.

మరి నిజంగా వేడెక్కుతున్న కారును ఎలా గుర్తించాలి? ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఉష్ణోగ్రత సెన్సర్ ఉండనే ఉంది. గేర్లు ఎప్పుడు మార్చాలో, లాకప్ ఎప్పుడు వేయాలో కంప్యూటర్ దాన్ని చూసే తేలుస్తుంది. ఆ అంకెను డాష్‌బోర్డు తెర మీదికి తేవడానికి కొత్త భాగాలు అక్కర్లేదు, నాలుగు వరుసల సాఫ్ట్‌వేర్ చాలు. కానీ మన మార్కెట్‌లో ధోరణి ఎదురుదిశలో ఉంది: చాలా చిన్న కార్లలో ఇంజిన్ వేడి ముల్లు కూడా పోయి నీలం, ఎరుపు దీపాలు మిగిలాయి. పెద్ద తెర మీద పాటలు, దారులు, గుండ్రంగా తిరిగే బొమ్మలు ఉంటాయి, గేర్‌బాక్స్ వేడి ఉండదు. అంకెలు చూపిస్తే జనం అనవసరంగా కంగారుపడి సర్వీస్ సెంటర్ల మీద పడతారన్నది కంపెనీల తరఫున చెప్పే జవాబు. ఆ కంగారు ఇప్పుడు లేదా? అంకె కనిపించకే కదా, ఊహ మీద ఖర్చు పెడుతున్నారు. అంకె ఉంటే పదిమందిలో ఎక్కువమంది తమ కారు 90 దగ్గరే ఉందని చూసుకుని కూలర్ మాట మానేస్తారు. అంతవరకూ చేతిలో ఉన్న మార్గం, కారు కంప్యూటర్‌ను చదవడానికి ఉండే ఓబీడీ పోర్టుకు పెట్టే చిన్న బ్లూటూత్ రీడర్. తన మోడల్‌కు పనిచేసే యాప్‌తో మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లోనూ, ఒక ఘాట్ రోడ్డు మీదా చదివి చూసుకోవాలి. 100 లోపలే తిరుగుతుంటే ఆయిల్ మార్పించి ఊరుకోవచ్చు. రేడియేటర్ శుభ్రంగా ఉండి, ఆయిల్ కొత్తదై, ఫ్యాన్ సరిగ్గా తిరుగుతూ కూడా పదేపదే 120 దాటుతుంటే, అది టార్క్ కన్వర్టరో సీవీటీనో అయి వారంటీ తీరిపోయి ఉంటే, అప్పుడు కూలర్ బిగించాలి. చల్లటి ఆయిల్‌ను పక్కదారిన పోనిచ్చే బైపాస్ ఉన్న దొంతర పలకల కూలర్, గేర్‌బాక్స్ ఆయిల్‌కే తగిన గొట్టాలు, రేడియేటర్‌ను తాకని బ్రాకెట్లు ఉండాలి. మామూలుగా కంపెనీ కూలర్ తర్వాత, ఆయిల్ తిరిగి గేర్‌బాక్స్‌కు వెళ్లే దారిలో పెట్టాలి. పని అయ్యాక మెకానిక్ స్కానర్ పెట్టి, ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ మట్టం సరిచేస్తాడా లేదా అని కారు లిఫ్ట్ మీదికి ఎక్కకముందే అడగాలి.