ఆపరేషన్‌కీ పింఛనుకీ మధ్య ఆరు వారాలు

పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన మనిషికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. 2024 జూలైకి ముందు ఇది 5,000 ఉండేది. అదే మనిషికి కాలూ చెయ్యీ పడిపోయిన రోజున, లేదా చెట్టు మీంచి పడి వెన్ను విరిగిన రోజున ఆపరేషన్ అవసరమైతే ఆ ఖర్చుకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. జనం నోట్లో అది ఇంకా ఆరోగ్యశ్రీయే. మొదటి రోజుకు డబ్బుంది, మంచాన పడ్డాక డబ్బుంది. ఆ రెంటి నడుమ ఉన్న ఆరు, ఎనిమిది వారాల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ మనిషి లేచి నడుస్తాడా, జన్మంతా ఒకరి చేతి మీద బతుకుతాడా అన్నది చాలావరకు తేలేది ఆ వారాల్లోనే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని సోంపేట, కంచిలి, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏ ఊరికి వెళ్లినా ఇలాంటి మంచం ఒకటైనా కనిపిస్తుంది. కారణాలు వెతకనక్కర్లేదు. జాతీయ రహదారి ఊళ్లను ఆనుకునే పోతోంది. కొబ్బరి దింపు మనుషులు నడుముకి తాడైనా లేకుండా చెట్లెక్కుతారు. హైదరాబాదుకో, చెన్నైకో భవన నిర్మాణ పనికి వెళ్లినవాళ్లు పైనుంచి పడి రైల్లో పడుకుని తిరిగొస్తారు. ఇక కిడ్నీ జబ్బు సంగతి చెప్పేదేముంది. కిడ్నీ పాడైతే బీపీ పెరుగుతుంది, బీపీ అదుపు తప్పితే పక్షవాతం వస్తుంది. ఉద్దానం పేరు చెప్పగానే లోకం డయాలసిస్ గురించి మాట్లాడుతుంది గానీ, ఆ జబ్బు మనుషుల కాళ్లూ చేతుల్లో ఏం మిగులుస్తోందో అడగదు.

రోగి ప్రయాణం దాదాపు ఒకేలా ఉంటుంది. సోంపేట ఆస్పత్రి, అక్కణ్నుంచి టెక్కలి, తర్వాత శ్రీకాకుళమో విశాఖపట్నమో. దగ్గరని బరంపురం తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. ప్రాణం నిలబడుతుంది. ఆ మేరకు మన వైద్యం గత ఇరవై ఏళ్లలో నిజంగానే మెరుగుపడింది. తర్వాత డిశ్చార్జి కాగితం మీద ‘ఫిజియోథెరపీ చేయించాలి’ అని ఒక వాక్యం రాసి పంపేస్తారు. ఎక్కడ చేయించాలో, ఎన్నాళ్లో, ఎవరు డబ్బిస్తారో ఆ కాగితంలో ఉండదు. ఇంటికొచ్చాక నూనె మర్దన, పావురం నెత్తురు, ఎవరో చెప్పిన ఆకుపసరు. వీటిని చూసి నవ్వే హక్కు మనకు లేదు. శాస్త్రీయ వైద్యం తలుపు మూసిన చోట మనిషి తెరిచి ఉన్న తలుపు తడతాడు.

పునరావాస వైద్యం అంటే చాలామందికి కాళ్లు పైకీ కిందికీ ఆడించే కసరత్తే గుర్తొస్తుంది. రోగిని చేర్చుకుని చేసే పునరావాసం వేరు. అక్కడ రోజుకు రెండు మూడు గంటలు, వారానికి అయిదారు రోజులు పని జరుగుతుంది. పక్షవాతం రోగి నోట్లో గంజి పోసేముందు మింగగలడో లేదో పరీక్షిస్తారు. అది చూడకపోతే గంజి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. పక్షవాతం నుంచి బతికి బయటపడ్డవాళ్లలో ఎందరినో తర్వాత తీసుకుపోయేది ఈ నిమోనియానే. మంచం మీద కూర్చోవడం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, ఒంటి చేత్తో చొక్కా తొడుక్కోవడం, కింద కూర్చుని లేవడం, అరుగు మెట్టెక్కడం, ఇవన్నీ నేర్పుతారు. ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, మాట నేర్పేవారు, నర్సు, డాక్టరు వారానికోసారి కూర్చుని ఈ మనిషి వచ్చే వారానికి ఏం చేయగలగాలో రాసుకుంటారు. పక్షవాతం రోగుల్ని ఇలా ఒక జట్టు ప్రత్యేక వార్డులో పెట్టి చూస్తే ప్రాణాలూ ఎక్కువగా నిలుస్తాయని, సొంతంగా బతికేవాళ్ల సంఖ్యా పెరుగుతుందని అనేక దేశాల పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు తేలింది. అందులో కొత్త మందేమీ లేదు. పని తెలిసిన మనుషులు ఒకచోట ఉండటమే తేడా.

ఉద్దానంలో ఈ పని ఉద్దానంలాగే జరగాలి. నగరంలో నున్నటి గచ్చు మీద చక్రాల కుర్చీ తోయడం నేర్చుకున్నవాడు తోటల మధ్య ఇసుక దారిలోకి రాగానే ఆగిపోతాడు. మాట పడిపోయినవారి సంగతి ఇంకా కష్టం. సోంపేట, ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఇంట్లో ఒడియా, సంతలో తెలుగు మాట్లాడేవాళ్లు వేలల్లో ఉన్నారు. మెదడు దెబ్బ తిన్నాక ఏ భాష ముందు తిరిగొస్తుందో చెప్పలేం. రెండు భాషలూ తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుంటేనే ఆ చికిత్స సాగుతుంది. ఫోన్లో వీడియోలు పంపితే చాలదు.

వెన్నుపూస విరిగినవారి విషయంలో మన ప్రాంతానికి మరింత దగ్గరి ప్రమాదం ఉంది. నడుం కింద చచ్చుబడితే కాళ్లతోపాటు మూత్రాశయమూ మాట వినదు. మూత్రం నిండినా తెలియదు, వచ్చినా ఆగదు. ఆస్పత్రిలో పైపు వేసి పంపేస్తారు. ఆ పైపు నెలల తరబడి అలాగే ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి. వెన్ను విరిగినవారు ఒకప్పుడు ఎక్కువగా చనిపోయింది కాళ్లు లేక కాదు, కిడ్నీలు పాడయ్యి. దీనికి ఉపాయం 1970లలోనే దొరికింది. రోగి తానే రోజుకు నాలుగైదుసార్లు శుభ్రమైన చేతులతో సన్నటి గొట్టం పెట్టుకుని మూత్రం తీసేసుకోవడం. చౌకైన పద్ధతి, నేర్పడానికి కొన్ని రోజులు చాలు. కానీ ఓపికగా నేర్పే నర్సు కావాలి, సిగ్గు విడిచి నేర్చుకునేందుకు చోటు కావాలి. కిడ్నీ జబ్బుతో దేశమంతా పేరు మోసిన ప్రాంతంలో, ఏ జబ్బూ లేని కిడ్నీల్ని ఒక పైపు వల్ల పోగొట్టుకోవడం కన్నా అవివేకం ఉంటుందా? నడుం కింద పుళ్లదీ ఇదే కథ. రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే రాని పుండు, వచ్చాక నెలల తరబడి కట్లు కట్టిస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ తెస్తుంది.

ఈ విద్య కొత్తది కాదు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు వెన్ను విరిగిన సైనికుల కోసం వార్డు తెరిచాడు. అంతకుముందు అలాంటివారు కొన్ని నెలలకు మించి బతకరని వైద్యులే వదిలేసేవారు. రాత్రీ పగలూ పక్కకు తిప్పించడం, మూత్రాశయాన్ని కాపాడటం, పని నేర్పడం, ఇవే అతని మందులు. 1948లో ఆ రోగులతోనే విలువిద్య పోటీ పెట్టాడు. ఇవాళ్టి పారాలింపిక్స్‌కు అది మొదలు. మన దేశంలోనే వేలూరు వైద్య కళాశాల ఉంది. 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేసి, అమెరికాలో శిక్షణ పొంది వచ్చి అక్కడ పునరావాస విభాగాన్ని నడిపారు. 1966 నుంచి ఆ సంస్థకు రోగుల్ని ఉంచుకుని చూసే ప్రత్యేక కేంద్రం ఉంది. ఇంకా దగ్గర్లో, కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ జాతీయ పునరావాస సంస్థ 1975 నుంచీ పనిచేస్తోంది. సోంపేట స్టేషన్లో హౌరా వైపు వెళ్లే రైలెక్కితే అదే దారి. మన జిల్లాలో ఎంతమందికి తెలుసు?

సోంపేటకూ ఇలాంటి చరిత్ర ఒకటుంది. ఆరోగ్యవరం ఆస్పత్రిలో పనిచేసిన కెనడా మిషనరీ డాక్టర్ బెన్ గల్లిసన్ 1963లో కాల్గరీలో ఆర్ట్ జెన్‌కిన్స్ అనే వ్యాపారిని కలవడంతోనే ‘ఆపరేషన్ ఐసైట్’ పుట్టింది. కంటి శుక్లాలతో బాధపడే పేదల కోసం సోంపేటలో మొదలైన ఆలోచన ప్రపంచంలో పలు దేశాలకు వెళ్లింది. మారుమూల ఊరు కాబట్టి పెద్ద వైద్యం రాదన్న మాటను ఈ ఊరు అరవై ఏళ్ల కిందటే అబద్ధం చేసింది.

‘ఇంట్లోవాళ్లు చూసుకుంటారులే’ అన్నది మన వ్యవస్థ చెప్పకుండానే చెప్పే జవాబు. దీన్ని మన దేశంలోనే పరీక్షించారు. 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాతం రోగుల మీద జరిగిన ‘అటెండ్’ అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సగం మంది కుటుంబ సభ్యులకు శిక్షణనిచ్చి ఇంట్లోనే పునరావాసం చేయించమన్నారు. మిగిలినవారికి మామూలుగా జరిగేదే జరిగింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడ్డవారు కలిపి రెండు బృందాల్లోనూ 47 శాతమే. పునరావాసం దండగ అని దీనికి అర్థం చెప్పేవాళ్లు ఉండవచ్చు. నాకు కనిపించేది వేరు. నిపుణుల గంటల పనిని భార్య భుజాల మీదకు నెట్టేస్తే ఆ పని జరగదు. ఆ భార్య పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషైతే ఇంట్లో రెండో కూలీ కూడా ఆ రోజుతో ఆగిపోయినట్టే. 2019 డిసెంబరులో మొదలైన ‘ఆరోగ్య ఆసరా’ ఈ కూలి నష్టాన్ని గుర్తించింది. ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇవ్వాలన్నది మంచి ఆలోచనే. కానీ అది విశ్రాంతికి ఇచ్చిన డబ్బు, చికిత్సకు కాదు.

ఇప్పుడు పింఛను దగ్గరికి వద్దాం. మంచానికే పరిమితమైతే 15,000. అదే మనిషి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసి, వికలాంగుల పింఛనులోకి మారితే 6,000. అంటే లేచి నిలబడ్డందుకు నెలకు తొమ్మిది వేల జరిమానా! అనర్హుల్ని ఏరేయడానికి ఇళ్లకు వచ్చి తనిఖీలు చేస్తుంటే, నిజంగా అర్హుడైన రోగి కూడా డాక్టరు ముందు కాలు కదపడానికి భయపడతాడు. తప్పు రోగిది కాదు. అప్పుల్లో ఉన్న ఏ ఇల్లయినా అలాగే ఆలోచిస్తుంది. మంచంలో ఉంటే ప్రభుత్వం ఏడాదికి 1,80,000 ఇస్తుంది, మంచం దిగడానికి మాత్రం ఒక్క నెల చికిత్స ఇవ్వదు. పింఛను తగ్గించమని నేననడం లేదు, ఆ డబ్బు లేకపోతే చాలా ఇళ్లలో పొయ్యి వెలగదు. పునరావాస చికిత్సకు చేరి మెరుగుపడ్డవారికి కనీసం రెండేళ్లు అదే పింఛను కొనసాగిస్తామని ఒక్క జీవో ఇస్తే ఆ భయం పోతుంది.

పడకలు ఎక్కడ? పలాసలో ఉన్నాయి. 2023 డిసెంబరు 14న ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రానికి అనుబంధంగా 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది. అందులో ఇరవై పడకలు పునరావాసానికి కేటాయించడానికి కొత్త భవనం అక్కర్లేదు. పెద్ద డాక్టర్లు ఉద్దానానికి వచ్చినా నిలవరన్నది నిజమే. ఈ వైద్యానికి ఆ బెడద కొంత తక్కువ. ఇక్కడ భారమంతా ఫిజియోథెరపిస్టులు, నర్సులు, కృత్రిమ అవయవాలు చేసేవారి మీద ఉంటుంది. ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) చదివి ఉద్యోగాల కోసం హైదరాబాదు, విశాఖ వెళ్లే పిల్లలు మన జిల్లాలోనూ ఉన్నారు. ఆ పిల్లలు ఇక్కడే ఉంటే, వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ కుర్చీలో ఖాళీగా కూర్చునేవారి చేత ఆ సమయంలోనే కాళ్ల కసరత్తు చేయించవచ్చు. కండ కరిగిపోకుండా చూసే ఈ పద్ధతి చాలా దేశాల్లో ఉంది.

పై నుంచి వచ్చే సంకేతాలు మాత్రం తిరగబడి ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య మహాసభ 2023 మేలో పునరావాసాన్ని మామూలు వైద్య వ్యవస్థలో భాగం చేయాలని తీర్మానించింది. అదే ఏడాది ఆగస్టులో మన జాతీయ వైద్య కమిషన్, మెడికల్ కాలేజీల్లో తప్పనిసరి విభాగాల జాబితా నుంచి ఈ వైద్యాన్నే తీసేసింది. రేపటి డాక్టరు ఈ వార్డును చూడకుండానే పట్టా పుచ్చుకునే ప్రమాదం ఉంది. అతను రాసే డిశ్చార్జి కాగితంలో ఒక్క వాక్యం కన్నా ఎక్కువ ఎలా ఉంటుంది?

ఉద్దానానికి ఏదీ అడక్కుండా రాలేదు. థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి బీల (చిత్తడి) భూముల్ని కాపాడుకునేందుకు 2010 జూలై 14న సోంపేట తుపాకులకు ఎదురు నిలిచింది. డయాలసిస్ కేంద్రాలు, కిడ్నీ పింఛను, మంచినీటి పథకం ఏళ్ల తరబడి గొంతు చించుకున్నాకే వచ్చాయి. పలాసలో ఇరవై పడకలు, ఆరు వారాల పునరావాసానికి వైద్యసేవలో ఒక ప్యాకేజీ, లేచి నడిచినవారి పింఛనుకు రెండేళ్ల భరోసా. ఈ మూడింటినీ శ్రీకాకుళం జిల్లా ప్రజాప్రతినిధులు వచ్చే బడ్జెట్‌కు ముందే ఆరోగ్యశాఖ ముందు పెట్టాలి.