ఏ హెచ్చరికలు ఉంచుకోవాలి?

మన సభ్యుల యిళ్లలో కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసే పిల్లలు ఎందరో ఉన్నారు. "వార్నింగులు వందల్లో వస్తున్నాయి, అన్నీ ఆపేస్తే సరిపోదూ?" అని వారిలో కొందరి ప్రశ్న. సరిపోదు. అలాగని అన్నీ ఉంచుకోవాలనీ మేము అనము.

ప్రోగ్రామును యంత్రభాషలోకి దించేది కంపైలరు గదా. స్పష్టమైన తప్పుంటే పని ఆపివేస్తుంది. తప్పో ఒప్పో తేలనిచోట పని చేసిపెడుతూనే ఒక మాట అంటుంది, అదే వార్నింగు. సి భాషలో రెండు విలువలు సమానమా అని అడగాలంటే సమాన చిహ్నం రెండుసార్లు వ్రాయాలి. ఒక్కసారే వ్రాస్తే ప్రశ్న కాస్తా ఆజ్ఞ అయి, పాత విలువ చెరిగిపోతుంది. అటువంటి చోట కంపైలరు నోరు విప్పితే వినవలసిందే.

జిసిసి కంపైలరులో 'వాల్' అని ఒక మీట ఉన్నది. పేరులో 'ఆల్' ఉన్నా అన్నీ అందులో లేవు. క్లాంగులో 'ఎవ్రిథింగ్' అని నిజంగానే అన్నిటినీ పలికించేది ఉన్నది. రికార్డులో అమరిక కోసం ఖాళీ బైట్లు చేర్చానని కూడా అది చెబుతుంది. తప్పు కానివి వందలు చదివినవాడికి అసలు తప్పు కంటబడుతుందా? యిటువంటివి నిస్సంకోచంగా తీసివేయవచ్చు.

'వాల్'తోనే తృప్తిపడటమూ ప్రమాదమే. ఆపిల్ వారి ఫోన్లలో, అవతలివాడు నిజమైనవాడేనా అని పరీక్షించే భాగంలో, 'గోటూ ఫెయిల్' అనే పంక్తి రెండుసార్లు పడి ఉన్నదని 2014లో బయటపడ్డది. ఆ రెండవ పంక్తి మూలాన సంతకం పరీక్ష జరగకుండానే అంతా సవ్యమని తేలిపోయేది. దారిలో పొంచినవాడు బ్యాంకు వేషం వేయగలిగేవాడు. 'యీ పంక్తులకు ఎప్పటికీ వంతు రాదు' అని చెప్పే హెచ్చరిక క్లాంగులో అప్పటికే ఉన్నది. 'వాల్'లో మాత్రం లేదు. పంక్తుల జరుపు చూచి కన్ను మోసపోయే చోట్లను పట్టే హెచ్చరికను 2016లో జిసిసి 6 తెచ్చి, 'వాల్'లోనే చేర్చింది.

అర్థం కాకుండా నోరు నొక్కడం మరీ చేటు. 2006లో డెబియన్ వారు, మెమరీని పరీక్షించే సాధనం గొణుగుతున్నదని ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో పంక్తులు తొలగించారు. అది కంపైలరు కాకపోయినా కథ ఒకటే. రహస్యలిపి తాళపుచెవులు ఊహకందకుండా చేసే సరుకు పోయి, ప్రాసెస్ నెంబరు ఒక్కటే మిగిలింది. అంటే 32 వేల పైచిలుకు అవకాశాలు. కంప్యూటరుకు అదొక లెక్కా! సంగతి 2008లో గాని బయటపడలేదు. జనం తాళపుచెవులు పారవేసి కొత్తవి చేసుకోవలసివచ్చింది.

పాత ప్రోగ్రాములో వందలు పేరుకుని ఉంటే అన్నిటి మీదా ఒకేసారి పడకండి. ఒక రకం తీసుకుని, అంతటా సరిచేసి, ఆ ఒక్కదానినే 'ఎర్రరు'గా మార్చుకుని తరువాతిదానికి పోండి. ఏదైనా ఆపదలిస్తే ఎందుకు ఆపారో ఆ పక్కనే, తెలుగులోనైనా సరే, ఒక పంక్తి వ్రాసిపెట్టండి.