వంటకు అక్కలు, లెక్కకు అయ్యలు

లేపాక్షికి వచ్చిన జనం వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఆశ్చర్యపోతారు. ఏకశిలా నంది ముందు ఫోటో దిగుతారు. కప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల అంచులు చూసి మురుస్తారు. పొద్దు వాలేలోపు బెంగళూరు దారి పడతారు. ఈ చుట్టుపక్కల పల్లెల వాడల్లో చిన్న చిన్న చర్చిలున్నాయనీ, వాటిని నిలబెడుతున్నది కూలికి పోయే ఆడవాళ్ళనీ వాళ్ళకు తెలియదు. తెలియనివాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా తెలిసినవాళ్ళతో. ఆ చర్చిల పెద్దలతో. పాస్టరేట్ కమిటీల్లో, డయాసిస్ ఆఫీసుల్లో కుర్చీలు పట్టుకుని కూర్చున్నవాళ్ళతో.

ఆ ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి సంగటి కెలుకుతారు. పిల్లలకు పెట్టి, శనక్కాయ చేలో కలుపుకో, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోయడానికో పోతారు. వయసులో ఉన్నవాళ్ళు హిందూపురం గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోయే బస్సెక్కుతారు. ఇంటికొచ్చాక మళ్ళీ పొయ్యి. అయినా వారంలో ఒక పూట స్త్రీల కూడికకు వస్తారు, చేతిలో చిన్న మూటతో. ఎసరు మరిగిన ప్రతిసారీ, బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్కన దాచిన మూట అది. బియ్యం లేని ఇంట్లో రాగులు. తెలుగు సంఘాల్లో ఈ గుప్పెడు బియ్యం అలవాటు ఇవాళ్టిది కాదు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు, పరాయి దేశపు డబ్బు మీద ఆధారపడని సంఘం కావాలన్నాడు. ఆ కోరికను నిజం చేసినవి పల్లె ఆడవాళ్ళ గుప్పెళ్ళే. చరిత్ర పుస్తకాల్లో బిషప్ పేరుంది. గుప్పెడు తగ్గించుకుని తిన్నవాళ్ళ పేర్లు లేవు.

ఆ బియ్యం ఆదివారం చర్చికి వస్తుంది. కొలిచి, వేలం పాడి, డబ్బు చేస్తారు. ఆ డబ్బు సంఘం ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా మీద సంతకం మగవాళ్ళది. కోతల పండుగకు గుమ్మడికాయలు, కోళ్ళు, కందుల మూటలు మోసుకొచ్చేది ఆడవాళ్ళు, వేలం లెక్క రాసేది మగవాళ్ళు. కన్వెన్షన్ పెడితే మూడు పూటలా వందల మందికి వండేది ఆడవాళ్ళు, మైకు పట్టుకునేది మగవాళ్ళు. బిషప్‌గారు వస్తే దండ కట్టేది అక్క, వేసేది అయ్య. వాడలో ఒక బాలింత మంచం పట్టినా, ఒక మనిషి పోయి సమాధి తవ్వకానికి డబ్బు లేకపోయినా, తాగొచ్చిన మొగుడు భార్య తల పగలగొట్టినా, మొదట పోయేది స్త్రీల మైత్రి అనే చర్చి ఆడవాళ్ళ సంఘపు అక్కలే. వాళ్ళు పోగుచేసిన సొమ్ములోంచి ఆ బాలింతకు అయిదొందలు ఇవ్వాలంటే మాత్రం కమిటీ కూర్చోవాలి, అయ్యలు ఒప్పుకోవాలి. ఆ కమిటీ కూర్చునేలోపు బాలింత వడ్డీకి తెచ్చుకుంటుంది.

ఇదే ఆడవాళ్ళను పొదుపు సంఘంలో చూడండి. బ్యాంకులో సంఘాన్ని నిలబెట్టి లక్షల రుణం తెస్తారు. తీర్మానం రాస్తారు, కిస్తీలు కడతారు, గ్రామ సమాఖ్య సమావేశంలో ప్రభుత్వ అధికారి ఏపీఎంని నిలదీస్తారు. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ళకు ఈ రాష్ట్రంలో ఆడవాళ్ళు ఉరిపోసుకున్నారు, ఆ ఏడు అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఆ నరకాన్ని దాటొచ్చి కూడా పుస్తకం కింద పెట్టని మనుషులు వీళ్ళు. బ్యాంకు మేనేజరు నమ్మిన సంతకాన్ని సంఘ పెద్ద నమ్మడు! ప్రభుత్వం చేతికిచ్చిన పెన్నును, దేవుడి ఇంట్లోకి రాగానే లాక్కుంటారు. దీన్ని సంప్రదాయం అంటే నేనొప్పుకోను. ఇది దోపిడీ.

పైగా నాయకత్వం ఎట్లా వస్తుందో చూడండి. స్థానిక సంఘంలో స్త్రీల మైత్రికి పెద్ద అయ్యగారి భార్య. డయాసిస్‌లో బిషప్‌గారి భార్య. ఆ అమ్మగార్లలో నిజంగా పనిచేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను నేను తక్కువ చేయడంలేదు. కానీ ముప్పై ఏళ్ళు గుప్పెడు బియ్యం మోసిన ఒక కూలి అక్క ఆ కుర్చీలో ఎప్పటికీ కూర్చోలేదు, ఎందుకంటే ఆమె మొగుడు పాస్టరు కాదు. పెళ్ళితో వచ్చి బదిలీతో పోయే పదవిని నాయకత్వం అంటారా? సమానత్వం గురించి ప్రసంగం చేసే సంఘం, తన ఆడవాళ్ళ సంఘానికి ఎన్నిక కూడా పెట్టుకోలేదా?

దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ ఎక్కడి మనిషి? మన రాయలసీమ మనిషే. కర్నూలు జిల్లా పల్లెలో పుట్టిన ఇ. పుష్పలలిత 2013 సెప్టెంబరులో నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయ్యారు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇన్నేళ్ళు గడిచాయి. లేపాక్షి పక్క పల్లెలో కమిటీ బల్ల దగ్గర కుర్చీలు ఎవరివో వెళ్ళి లెక్కపెట్టండి. 1988 నుంచి 1998 దాకా ప్రపంచ సంఘాల సమాఖ్య ఒక దశాబ్దాన్నే ప్రకటించింది, సంఘాలు స్త్రీల పక్షాన నిలబడాలని. ఆ దశాబ్దం జెనీవా నుంచి బయల్దేరి ఈ పల్లెలకు ఎన్నడూ చేరలేదు.

అడిగితే పౌలు పత్రికలోంచి ఒక వాక్యం తీస్తారు, ఆడవాళ్ళు సంఘంలో మౌనంగా ఉండాలని. అదే పౌలు రోమా పత్రిక చివర పరిచారకురాలైన ఫీబేను పేరుపెట్టి మెచ్చుకున్న సంగతి వాళ్ళ నోటికి రాదు. సమాధి ఖాళీగా ఉందన్న వార్తను మొదట మోసింది ఆడవాళ్ళేనన్నది ఈస్టరు నాడు ఒక్కపూట గుర్తొస్తుంది, సోమవారానికి మరుస్తారు. నేనొకటి సూటిగా అడుగుతాను. సంఖ్యాకాండం 27వ అధ్యాయం మీద మీరు ఎన్నడైనా ప్రసంగం చేశారా? సెలోపెహాదు కూతుళ్ళు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, మోషే ముందుకొచ్చి మా నాయన భూమిలో మా వాటా మాకివ్వమని నిలబడి అడిగారు. మోషే దేవుణ్ణి అడిగితే, ఆ ఆడపిల్లలు చెప్పింది న్యాయమేనని జవాబొచ్చింది. ఆ అయిదుగురి పేర్లు మా స్త్రీల కూడికల్లో నేను ఒక్కసారి కూడా వినలేదు. విధవరాలి రెండు కాసుల కథ మాత్రం విన్నాను, కానుక సంచి తిరిగే ప్రతి ఆదివారమూ.

భూమి దగ్గరికి రాకుండా ఈ నేల మీద పేదరికం గురించి మాట్లాడటం బూటకం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన, అదీ అదనుకు రాని వాన. బోరు వేయగలిగినవాడు బతుకుతాడు. బోరు వేయాలంటే భూమి ఉండాలి, భూమి పేరు మీద ఉండాలి. ఆడదాని పేరు మీద ఏముంది? లేపాక్షి పేరు తగిలించిన ఒక నాలెడ్జ్ హబ్‌కు పక్కనున్న చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో సుమారు 8,800 ఎకరాలు ఇవ్వడానికి ప్రభుత్వానికి చేతులొచ్చాయి. చెప్పిన పరిశ్రమలు రాలేదు, చెప్పిన ఉద్యోగాలు రాలేదు. అదే నేలలో కలుపు తీసిన కూలి ఆడమనిషికి ఎకరా ప్రభుత్వ భూమికి డీకేటీ పట్టా కావాలంటే మాత్రం తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరగాలి. కుట్టుమిషన్లు పంచి, కొవ్వొత్తుల తయారీ నేర్పి పేదరికం పోగొడతామనే పెద్దలకు చెప్తున్నాను: ఈ ఆడవాళ్ళకు పొదుపు తెలియక పేదలు కాలేదు. ఆకలి కడుపులోంచి గుప్పెడు తీసి దాచేవాళ్ళకు పొదుపు పాఠం చెప్పడానికి మీకు నోరెట్లా వస్తుంది?

పేదలకు కావాల్సింది పాఠం కాదు, పనీ ఆస్తీ అన్న సంగతి మన పాతవాళ్ళకు తెలుసు. ధాత కరువులో, 1876 నుంచి 78 దాకా, ఈ సీమంతా ఎముకల గూడైనప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు పట్టాడు. జనానికి పని చూపించి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మన పాత అనంతపురం జిల్లాలోనే చూడండి. జెసూట్ సభ మిషనరీగా ఈ దేశమొచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరాడు, ఆ తర్వాత ఆ సభను విడిచాడు. ఆయన మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ పేదలకు కట్టించిన ఇళ్ళు ఆడవాళ్ళ పేరు మీద రాయించింది. తాగొచ్చిన మొగుడు ఆ ఇంట్లోంచి పెళ్ళాన్ని బయటికి తోయలేడు, ఎందుకంటే కాగితం ఆమెది. ఆ ఒక్క కాగితం చేసిన పని వంద ఉపవాస ప్రార్థనలు చేయలేవు. ప్రార్థన చేసేదాన్నే కాబట్టి ఈ మాట అంటున్నాను.

చట్టం మన పక్షానే ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా క్రైస్తవుడు చనిపోతే భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానం. కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. కానీ వాడలో క్రైస్తవురాలు కాగితం మీద క్రైస్తవురాలు కాదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఆమెను రెండు ముక్కలు చేసింది. ఎస్సీ హోదా హిందువులకే అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను ఇప్పటికీ చేర్చలేదు. క్రైస్తవులమని రాయించుకుంటే బీసీ-సి, ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ అన్యాయం తీసేయమంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఆ పేరా అక్కడే ఉంది. చెరువు దగ్గర అంటరానిదాన్ని చేసిన కులం ఆమె మతం అడగలేదు. రక్షణ ఇవ్వాల్సిన చట్టం మాత్రం అడుగుతోంది. అందుకే ఆమె ఆదివారం ఒక పేరుతో, సోమవారం ఇంకో పేరుతో బతుకుతుంది. అందుకే స్త్రీల మైత్రి తనను తాను రిజిస్టరు చేసుకోవడానికి, బోర్డు పెట్టుకోవడానికి, బహిరంగంగా ఒక అర్జీ ఇవ్వడానికి జంకుతుంది.

సరే, కాగితం మీద హిందువనే అనుకుందాం. ఎన్టీఆర్ హయాంలో 1986లో వచ్చిన సవరణ కూతురికి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. అంటే ఏ కాగితం పట్టుకున్నా ఆమెకు వాటా ఉంది! ఉన్న వాటా ఇవ్వనివ్వకుండా ఆపుతున్నది ఎవరు? అన్నదమ్ములు. ఆ అన్నదమ్ములు ఎక్కడున్నారు? కమిటీ బల్ల దగ్గర. పెళ్ళి ప్రకటన చదివే అయ్యగారికి ఆ పెళ్ళికి కట్నం ఎంతో తెలుసు. తెలిసే చదువుతాడు, తెలిసే దీవిస్తాడు. 1961 నుంచి కట్నం నేరం. కట్నం తీసుకున్న పెళ్ళి చేయనని ఒక్క పాస్టరేట్ తీర్మానం చేస్తే, ఎన్ని కుటుంబాలు అప్పులోంచి బయటపడతాయో వాడలో ఏ అక్కనడిగినా చెబుతుంది.

ఇంకో వైపు నుంచి అరిచేవాళ్ళున్నారు: ఈ ఆడవాళ్ళ సంఘాలన్నీ మతమార్పిడికి ముసుగులని. వాళ్ళకు నేనిచ్చే జవాబు ఒకటే. తల పగిలిన ఆడమనిషిని ఆసుపత్రికి మోసేటప్పుడు ఆమె బొట్టు పెట్టుకుందా లేదా అని మా అక్కలు చూడరు. మీరు మోయండి, మేం తప్పుకుంటాం. మోయరు, మోసేవాళ్ళను మోయనివ్వరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించినప్పుడు ఎవరి దేవుడెవరని ఎవరూ అడగలేదు. 2003లో లైబీరియాలో యుద్ధం ఆపమని రోడ్డెక్కిన ఆడవాళ్ళు మొదట కూడింది మన్రోవియాలోని ఒక లూథరన్ చర్చిలో. లేమా బోవీ వాళ్ళను నడిపింది, ముస్లిం ఆడవాళ్ళు చేయి కలిపారు. తెల్ల బట్టలు కట్టుకుని మైదానంలో ఎండకూ వానకూ కూర్చున్నారు, చర్చలు జరిగే భవనం తలుపులకు అడ్డం కూర్చున్నారు. యుద్ధం ఆగింది. 2011లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాళ్ళూ మనలాగే కూడికల్లో పాటలు పాడుకున్న ఆడవాళ్ళే. చర్చి మెట్లు దిగి రోడ్డు మీదికి రావడానికి వాళ్ళు ఏ కమిటీ అనుమతీ అడగలేదు.

అందుకే ఇక అడగడం మానేద్దాం అంటున్నాను. అక్కలారా, వచ్చే నెల నుంచి గుప్పెడు బియ్యం ఆపొద్దు. ఆ బియ్యం డబ్బు మాత్రం మీ మైత్రి పేరుతో, మీలో ఇద్దరి సంతకాలతో వేరే ఖాతాలో వేయండి. పాస్‌బుక్కు తెరవడం మీకు కొత్త కాదు, పొదుపు సంఘానికి ఎప్పుడో తెరిచారు. అధ్యక్షురాలిని చేతులెత్తి మీరే ఎన్నుకోండి. అమ్మగారికి ఇష్టమైతే ఆమే పోటీ చేయొచ్చు, ఓటు మాత్రం అందరిదీ సమానం. ఎవరికి పట్టా లేదు, ఎవరికి పింఛను రాలేదు, ఎవరి అన్న వాటా మింగాడు, ఆ జాబితా రాసి తహసీల్దారు ఆఫీసుకు అందరూ కలిసి పోండి. కమిటీ అడ్డుపడితే, ఆ ఏడు కోతల పండుగకు పొయ్యి వెలిగించకండి. అయ్యలను వండుకోమనండి.